రైను నదీతీరపు ద్రాక్షతోటలు

ఐరోపాఖండమున రైను అను మహానది కలదు. అది స్విట్జర్లాండు దేశపు మంచుకొండలలో పుట్టి, జర్మనీదేశము మీదుగా ప్రవహించి, హాలెండు దేశమున ఉత్తరసముద్రమును గలియును. దాని నిడివి సుమారు 1,230 కిలోమీటర్లు. ఏటేట వేలకొలది జనులు ఈ నదిపై పెద్ద పడవలనెక్కి, తొందర యేమియు లేక, ఒడ్డుననున్న ద్రాక్షతోటలను, పాతకోటలను, పట్టణములను జూచుచు వారమురోజులు ప్రయాణము చేయుదురు. మన ప్రాంతమునుండి చదువుకొని పరదేశములకు బోయిన బిడ్డలు తమ తల్లిదండ్రులను ఈ ప్రయాణమునకు తీసికొనిపోవుటయు ఇటీవల వినవచ్చుచున్నది. వారు తెచ్చిన ఛాయాచిత్రములలో కోటలుండును, గుడిగోపురములుండును, కొండవాలున బారులు తీర్చిన పచ్చని తీగెలుండును. ఆ తీగెల నెవరు నాటిరి, ఎవరివద్ద అప్పుచేసి నాటిరి, పంటను ఎవరికమ్మిరి అను సంగతులు మాత్రము చిత్రములలో నుండవు. సేద్యము చేయువాడు అడుగదగినవి ఆ సంగతులే గనుక, ఈ మాసమున మన చదువరులను ఆ నదిపైకి తీసికొనిపోదలచితిమి. మేము ఆ దేశమునకు బోయినవారము కాము. పటమును ముందిడుకొని, గ్రంథములను జూచి వ్రాయుచున్నాము.

ద్రాక్షసారాయిని గూర్చి చదువుటవలన త్రాగుడుపై మోజు పుట్టునేమో యని శంకించు పెద్దలు మనలో నుండవచ్చును. పొగాకు పండించు రైతును గూర్చి వ్రాసినంతమాత్రమున చుట్ట కాల్చుమని చెప్పినట్లు కాదు గదా! మాకు గావలసినది సీసాలోని రసము కాదు, తోటలోని మనుష్యుడు.

మన తుంగభద్రయు చిన్న నది కాదు. కూడలివద్ద తుంగయు భద్రయు గలిసినది మొదలు కృష్ణలో గలియువరకు 531 కిలోమీటర్లు పారుచున్నది. మంత్రాలయపు ఒడ్డున నిలిచి వర్షకాలమున దానిని జూచినవారు ఇది రైనుకు ఏమాత్రము తీసిపోదనియే యందురు. కాని వేసవిలో అదే ఒడ్డున నిలిచిన, బండలు బయటపడి, నడుమ నడుమ మడుగులు మాత్రమే కానవచ్చును. అందుచేత మన నదిపై పెద్ద పడవలు తిరుగలేదు. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రని పుట్టి యొక్కటే ఈ ప్రవాహమునకు తగిన వాహనమయ్యెను. దిగువన సుంకేసులవద్ద ఆనకట్ట గట్టి కర్నూలు–కడప కాలువను త్రవ్వించిన మద్రాసు ఇరిగేషను కంపెనీవారు ఆ కాలువను సేద్యమునకే గాక పడవలు నడచుటకును ఉద్దేశించిరి. ఆ యాశ ఫలింపలేదు. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనెను. ఇక ద్రాక్ష మాట: 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెసు ఆ నగరపు అంగళ్లలో నిమ్మ, నారింజ, దానిమ్మలతోపాటు ద్రాక్షపండ్లును అమ్ముచుండిరని వ్రాసెను. అనగా ద్రాక్షపండు ఈ నదీతీరమునకు క్రొత్తదికాదు. క్రొత్తగా మనము తెలిసికొనవలసినది ఆ పండును అమ్ముకొన్న పద్ధతి.

ఇక పడవ నెక్కుదము. పడవ యన్న మాట చిన్నది. నూరు మీటర్లకు మించిన పొడవున, మూడంతస్తుల మేడవలె, నూటయేబదిమందికి తగిన గదులతో నుండును. మైన్‌జు పట్టణమువద్ద ఎక్కుదమనుకొందము. అంతవరకు ఉత్తరముగా వచ్చిన నది అచ్చట టౌనసు అను కొండలకు అడ్డుతగిలి, పడమరకు దిరిగి సుమారు 30 కిలోమీటర్లు ప్రవహించును. ఈ చిన్న మలుపే ఆ సీమ రైతునకు అన్నము పెట్టినది. కారణము చెప్పెదము. ఆదోని పట్టణము భూమధ్యరేఖకు పదునైదున్నర డిగ్రీల ఉత్తరమున నున్నది. రైను తీరము ఏబది డిగ్రీల ఉత్తరమున నున్నది. మనకు ఎండ బాధ, వారికి ఎండ కరవు. నది పడమరకు పారినందున దాని ఉత్తరపు ఒడ్డుననున్న కొండవాలు దక్షిణముఖమై, ప్రొద్దుపొడిచినది మొదలు క్రుంకువరకు ఎండను ద్రావును. వెనుకనున్న కొండ చలిగాలి నాపును. ముందున్న వెడల్పైన నీరు వెలుతురును ప్రతిఫలింపజేసి, రాత్రి చలిని తగ్గించును. రీస్లింగు అను తెల్ల ద్రాక్ష ఆ వాలుననే పండుచున్నది. మనము ఎండనుండి తేమను కాపాడుకొనుటకు గుంటక తోలుదుము. వారు ఎండను కూడబెట్టుకొనుటకు వాలు వెదకుదురు. నేలను చదువుట ఇరువురకును ఒక్కటే విద్య.

ఈ వాలున 1136లో కొందరు సన్యాసులు ఎబెర్‌బాకు అను మఠమును స్థాపించి, అడవి కొట్టి తోటలు వేసిరి. సమీపముననే యోహానిస్‌బెర్గు అను తోట కలదు. దానిని గూర్చి ఒక కథ చెప్పుదురు. ఆ తోటకు యజమాని ఫుల్డా పట్టణమున నున్న మఠాధిపతి. ఆయన సెలవు వచ్చినగాని పండు కోయరాదు. 1775లో సెలవుచీటి తెచ్చు రౌతు చాల ఆలస్యముగా వచ్చెను. అప్పటికి పండ్లు ముడుతపడి బూజుపట్టినవి. వేరుదారి లేక వానినే కోసి రసము తీయగా, అది మునుపెన్నడును లేనంత తియ్యగా నుండెను. పండుపై పట్టిన ఆ బూజు నీటిని పీల్చి, తీపిని మిగిల్చినది. అదిమొదలు అచ్చట ఆలస్యపుకోత ఒక పద్ధతియయ్యెను. కథ చెప్పువారు రౌతును మెచ్చుకొందురు. మాకు తోచునది వేరు. ఎచ్చటనో కూర్చున్న దొర సెలవీయనిదే పండిన పండును కోసికొనలేని కాలమది. కూలివారు బుట్టలు పట్టుకొని ఎన్నిదినములు ఎదురుచూచిరో కథలో లేదు.

బింగెను పట్టణమువద్ద నది మరల ఉత్తరమునకు దిరుగును. అచ్చట నడిమి లంకపై ఎలుకల గోపురమను బురుజొకటి కలదు. పూర్వము హాట్టో అను మతాధిపతి కరువుకాలమున ధాన్యమును గాదెలలో దాచి, ఆకలితో వచ్చిన పేదలను కొట్టములో బెట్టి తగులబెట్టించెననియు, పిమ్మట ఎలుకలు గుంపులుగా వెంటబడగా నది నడుమ ఈ గోపురములో దాగెననియు, అవి ఈదివచ్చి అతనిని తినివేసెననియు చెప్పుదురు. నిజమునకు ఆ గోపురము పడవలవద్ద సుంకము వసూలు చేయుటకు ఉపయోగించినది. కాని జనులు ఊరకే కథలు కట్టరు. 1876–78 నాటి కరవున బళ్లారి, కర్నూలు జిల్లాలు పడిన బాధను తాతల నోట విన్నవారికి, ధాన్యము దాచినవానిని ఎలుకలచేత తినిపించిన ఆ జర్మను పల్లెవారి మనస్సు తెలియకపోదు.

బింగెను మొదలు కోబ్లెంజు వరకు 65 కిలోమీటర్ల దూరము నది ఇరుకైన కొండసందులో పారును. 2002లో యునెస్కో సంస్థవారు ఈ భాగమును ప్రపంచ వారసత్వ స్థలముగా నెన్నుకొనిరి. పడవలోని జనులందరు పైయంతస్తునకు జేరి కోటలను లెక్కపెట్టుదురు. మన ఆదోని కొండకోటను జూచినవారికి ఆ కోటలు అంత వింతగా తోచవు. అందులో ననేకములు రాజ్యరక్షణకు గాక సుంకమునకు గట్టినవి. కౌబు అను ఊరివద్ద నది నడుమ రాతిపై, ఓడ యాకారమున, 1327 ప్రాంతమున గట్టిన సుంకపుకోట నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. ద్రాక్షసారాయి పీపాలు నింపిన పడవ దిగువకు బోవునప్పుడు కోటకోటకు నాగి సుంకము చెల్లింపవలసివచ్చెడిది. ఆ సుంకమంతయు వర్తకుడు తన చేతిసొమ్ములోనుండి పెట్టుకొనెనా? పెట్టుకొనలేదు, తోటవాని ధరలోనుండి తగ్గించుకొనెను. 1868లో మాన్‌హైము పట్టణమున నదీతీర రాజ్యములు ఒడంబడిక చేసికొని, రైనుపై పడవలకు సుంకము లేకుండ జేసిరి. ఈ సంవత్సరమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక; మరల దీనితో పనిబడును.

కౌబువద్దనే నీటిమట్టమును జూపు కొలబద్ద యున్నది. రైనుపై సరకుపడవ ఎంత బరువు మోయవచ్చునో ఈ కొలత జూచి నిర్ణయింతురు. 2018 అక్టోబరులో అది 25 సెంటీమీటర్లకు దిగెను. (కొలబద్ద చూపునది నది పూర్తిలోతు కాదు, పడవదారి అంతకంటె లోతుగా నుండును.) అంతటి మహానదిపైనను ఆ కాలమున పడవలు సగము బరువైన మోయలేక తిరిగినవి. తుంగభద్ర దిగువ కాలువలో నీరెంత వదలిరని ప్రతిదినము విచారించు మన రైతు, ఆ యూరివారు కొలబద్ద చుట్టు మూగుటను సులభముగా గ్రహింపగలడు.

మేము కోటలకంటె గోడలను జూడుమందుము. ఆ కొండవాలు మనిషి నిలువలేనంత నిట్రముగా నుండును. దానిపై సున్నము లేకయే రాతిపై రాయి పేర్చి అడ్డగోడలు కట్టి, మెట్లుమెట్లుగా చిన్న చేలు జేసి, ఒక్కొక్క మెట్టుపై కొన్ని తీగెలు నాటిరి. నేల నల్లని పలకరాతి ముక్కలమయము. పలకరాయి పగలెల్ల కాగి రాత్రి ఆ వేడిని మెల్లగా విడుచును. చలిదేశపు తీగెకు అదియే కంబళి. కాని పెద్దవాన కురిసినప్పుడెల్ల పైమన్ను క్రిందికి జారును. దానిని బుట్టలకెత్తి వీపున మోసికొని మరల పైకి జేర్చవలెను. ఎరువును వీపుననే, కోసిన పండును వీపుననే. ఎద్దు ఎక్కని చోట రైతే యెద్దు. కోబ్లెంజువద్ద రైనులో గలియు మోజెలు నది వాలులు ఇంతకంటెను నిట్రమైనవి. మన నల్లరేగడి చేలలో గట్టు తెగిన, తరువాత చూతములెమ్మని యూరకుండువారిని మేము ఎరుగుదుము. ఆ వాలున గోడ పడిన మరునాడే కట్టనియెడల చేను నదిలో నుండును.

ఇంత కష్టపడియు ఒక్కొక్క కాపునకు ఎంత నేల యుండెను? తండ్రి పోయినప్పుడు బిడ్డలందరు సమభాగములు పంచుకొను ఆచారము ఆ సీమలో నున్నందున తరతరమునకు చేను చీలుచు, పది తావుల పది ముక్కలుగా, ముక్కకు కొన్ని బారుల తీగెలుగా మిగిలెను. ఇది మనకు వివరింపబనిలేదు.

దీనికి తోడు తెగుళ్లు వచ్చినవి. మా వృత్తికి జెందిన విషయమగుటచే ఇచ్చట కొంచెము నిలుతుము. అమెరికానుండి తెచ్చిన మొక్కలతో వచ్చిన ఫిల్లాక్సెరా అను చిన్న పురుగు వేళ్లను పట్టి 1860 తరువాత ఫ్రాన్సు దేశపు తోటలను ఎండబెట్టెను. జర్మనీలో 1874లో బాన్ పట్టణసమీపమున దానిని మొదట కనుగొనిరి. ఎన్ని మందులు వేసినను అది చావలేదు. తుదకు, ఆ పురుగును సహింపగల అమెరికా ద్రాక్ష వేరుమొక్కపై తమ మంచిజాతి కొమ్మను అంటుగట్టుటయే మార్గమని తేలెను. నేటికిని ఐరోపా తోటలలో పెక్కుభాగము అట్టి అంటుమొక్కలే. అమెరికానుండియే బూజుతెగులును వచ్చెను. దానికి మందు దొరకిన విధము వినదగినది. ఫ్రాన్సున బోర్డో ప్రాంతపు రైతులు దారిప్రక్క తీగెలనుండి బాటసారులు పండ్లు దొంగిలింపకుండుటకై మైలుతుత్తము, సున్నము కలిపి, చూచుటకు విషమువలె కనబడునట్లు ఆకులపై చల్లుచుండిరి. మిలార్డె అను శాస్త్రజ్ఞుడు తోట లోపలి తీగెలు ఆకురాల్చగా దారిప్రక్కవి మాత్రము పచ్చగా నుండుటను గమనించి, పరీక్షలు జరిపి, 1885లో ఆ మందును లోకమునకు వెల్లడించెను. అదియే మనము నిమ్మతోటలకు, తమలపాకు తోటలకు వాడు బోర్డో మిశ్రమము. కిలో మైలుతుత్తము, కిలో సున్నము, నూరు లీటర్ల నీరు. కలుపుటకు ఇనుపపాత్ర పనికిరాదు. మెరయు చాకును ముంచి తీసినప్పుడు ఎఱ్ఱని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని యర్థము. దొంగభయమున చల్లినది తెగులుభయమును దీర్చెను.

గోడ కట్టినను, తెగులు దప్పించుకొన్నను, రైతును పీడించు మూడవది వేరొకటి యుండెను. ద్రాక్షపండు నిలువయుండదు. కోసిన దినముననే నలుగగొట్టి రసము దీయవలెను. రసమును పీపాలలో పోసి నెలలకొలది చల్లని నేలమాళిగలో కాపాడవలెను. నాలుగు బుట్టల పండు గలవానికి గానుగ యెక్కడిది, పీపా లెక్కడివి, మాళిగ యెక్కడిది? అందుచేత కోతనాటికి వర్తకుడు వచ్చి చెప్పినదే ధర. పంట బాగుగా నున్న యేట సరకు హెచ్చినదని తగ్గించును; బాగుగా లేని యేట రసము పులుపని తగ్గించును. ముందే అతనివద్ద అప్పు తీసికొన్నవాడు ధర యడుగుటకైన నోరెత్తజాలడు. విసిగి వేసారి అనేక కుటుంబములు ఆ పల్లెలను విడిచి అమెరికాకు ఓడ లెక్కినవి.

కోబ్లెంజు దాటినపిమ్మట కుడియొడ్డున నోయ్‌వీడు అను పట్టణము వచ్చును. విహారపడవలలో బోవువారు ఇచ్చట లేచి చూతురో లేదో మాకు సందేహమే. మన సంఘసభ్యులు మాత్రము లేచి నిలువవలెను. సహకార పరపతి సంఘములకు ఆద్యుడైన ఫ్రీడ్రిక్ విల్‌హెల్ము రైఫైజెను ఈ పట్టణమును జేరిన హెడ్డెస్‌డోర్ఫు గ్రామమున అధికారిగా నుండెను. ఈయన 1818లో జన్మించెను. 1845లో వైయర్‌బుషు అను కొండపల్లెల అధికారియయ్యెను. మరుసటి సంవత్సరమే కరవు వచ్చెను. కలవారివద్ద చందాలు దండి, ధాన్యము కొని, ఊరుమ్మడి పొయ్యి గట్టించి, రొట్టె చవుకగా దొరకునట్లు చేసెను. పిమ్మట ఫ్లామెర్స్‌ఫెల్డున పేదరైతులు వడ్డీవర్తకుని చేతబడకుండ పశువులు కొనిపెట్టుటకై 1849లో ఒక సహాయసంఘమును స్థాపించెను. కాని ఈ సంఘములు కలవారి దయపై నడచినవి. దయ కొన్నాళ్లకు అలసిపోవును. అప్పు కావలసినవారే సభ్యులై, అప్పునకు అందరు పూచీపడి, తమ పొదుపునే మూలధనము చేసికొననిదే సంఘము నిలువదని ఆయన గ్రహించెను. ఆ ప్రకారము 1864లో హెడ్డెస్‌డోర్ఫున పరపతి సంఘము ఏర్పడెను. ఒక గ్రామమునకు ఒక సంఘము, ఒకరినొకరు ఎరిగినవారే సభ్యులు, పంట పెరుగుటకు పనికివచ్చు అప్పే యీయవలెను, పాలకవర్గమునకు జీతము లేదు – ఇవి ఆయన నియమములు. అప్పటికే ఆయనకు చూపు మందగించెను. కుమార్తె అమాలియా చేత వ్రాయించుచు, 1888లో మరణించువరకు ఈ పనినే చేసెను.

రైనునుండి తుంగభద్రకు దారి ఇచ్చటినుండియే. మద్రాసు రాజధానిలో రైతుల ఋణబాధను విచారించుటకు నియమింపబడిన ఫ్రెడరికు నికల్సన్ దొర 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక నిచ్చి, రైఫైజెను వంటి మనుష్యుని వెదకుటయే కర్తవ్యమని ముగించెను. 1904లో పరపతి సంఘముల చట్టము, 1912లో అమ్మకము మొదలగు ఇతర కార్యములకును సంఘములు పెట్టుకొనుటకు వీలిచ్చిన చట్టము వచ్చెను. ఆ నాళ్లలో మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో జేరియుండెను. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు వచ్చెను. మన గ్రామములలోని సంఘపు పేరు చదివినప్పుడెల్ల, ఆ పేరు వెనుక రైను ఒడ్డున రొట్టె కాల్చిన ఒక కరవు పొయ్యి కలదని చదువరులు తలంపవచ్చును.

ఇంకను దిగువకు బోయిన, ఎడమవైపున ఆర్ అను చిన్న యేరు వచ్చి రైనులో గలియును. పెద్ద పడవ అందులోనికి బోజాలదు. మనము దిగి, కాలినడకను ఎగువకు బోవుదము. ఇరుప్రక్కల పలకరాతి కొండలు, వాలున ఎఱ్ఱద్రాక్ష తోటలు. మైషోస్ అను పల్లె వచ్చును. ఆ పల్లెలో 1868 డిసెంబరున 18 మంది ద్రాక్షరైతులు గూడి ఒక సంఘమును స్థాపించిరి. రైనుపై సుంకము తొలగిన సంవత్సరమే యిది. రాజులు వర్తకుని దారిలోని అడ్డు తొలగించిరి. రైతు దారిలోని అడ్డును రైతే తొలగించుకొనవలసివచ్చెను. ప్రపంచమున నేడును నడచుచున్న ద్రాక్షరైతుల సహకార సంఘములలో ఇది మిక్కిలి పాతదని ప్రసిద్ధి.

వారు చేసినపని సామాన్యమైనది. గానుగ ఉమ్మడి, పీపాలు ఉమ్మడి, మాళిగ ఉమ్మడి, అమ్మకము ఉమ్మడి. అట్టి సంఘములు నేడు నడచు తీరు ఇది. సభ్యుడు పండు తెచ్చిన వెంటనే తూచుదురు. రసమునందలి తీపిని ఒక చిన్న పరికరముతో కొలుతురు. బరువునుబట్టియు, తీపినిబట్టియు సభ్యుని ఖాతాలో వ్రాయుదురు. కొంతసొమ్ము ముందిచ్చి, సరకు అమ్ముడుపోయినపిమ్మట మిగిలినది విడతలుగా నిత్తురు. ఇంతవరకు విన్నవారు, ఇది మనకును తెలిసినదే యందురు. అసలు సంగతి తరువాతి నియమములో నున్నది. జర్మనీ ద్రాక్షసంఘములలో సాధారణముగా సభ్యుడు తన తోటలో పండిన పండునంతయు సంఘమునకే ఈయవలెను. మంచిది బయట అమ్ముకొని, మిగిలినది సంఘమునకు దెచ్చుట కుదరదు. ధర హెచ్చిన యేట బయటికి, తగ్గిన యేట లోపలికి అనుట లేదు.

ఈ యొక్క నియమము లేనిచో ఏమగునో మేము మన పల్లెలలోనే చూచితిమి. పత్తి మొదటి తీత తెల్లగా, పొడిగా నుండును. దానిని అప్పిచ్చిన వ్యాపారి గడపకు జేర్చుదురు. లేదా ధర బాగున్నదని మండీకి తోలుదురు. మంచు తగిలి, ఆకు కలిసిన కడపటి తీతను సంఘపు గోదామునకు దెత్తురు. సంఘము దానిని అమ్మజూచిన, కొనువాడు ముక్కు విరుచును. ధర తగ్గును. అప్పుడు అదే సభ్యుడు, సంఘములో ధర పలుకదని అరుగుమీద కూర్చుండి చెప్పును. ఒక గ్రామమున నూరుమంది సంతకములు చేసిన ఉమ్మడి అమ్మకపు కాగితమును మేము స్వయముగా చూచితిమి. తూకమునాటికి వచ్చిన బండ్లు పదికి మించలేదు. ఆదోని పత్తి విపణి రాష్ట్రమున పేరుగన్నది. అంత పెద్ద విపణిలో ఒక్క బండితో వచ్చినవాడు ధర వినుటకే వచ్చును, చెప్పుటకు గాదు. మైషోస్ రైతుకును మనకును భేదము తెలివిలో లేదు, నేలలో అసలే లేదు. మన నేల వారి రాళ్లకంటె వేయిరెట్లు మేలు. వారు మొదటి బుట్టను కూడ సంఘమునకే తెచ్చిరి.

ఉమ్మడి అమ్మకము మన సీమవారికి చేతకాదనుట ఒప్పుకొనము. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతగాండ్ర సహకార ఉత్పత్తి విక్రయ సంఘమును స్థాపించిరి. నూలు ఇచ్చువాడును, బట్ట కొనువాడును ఒక్కడే వర్తకుడైనప్పుడు మగ్గము ముందు కూర్చున్నవాని గతి ఎట్టిదో, ద్రాక్షతోటవాని గతియు అట్టిదే. సంఘమునుండి నూలు తీసికొని, నేసిన బట్టను సంఘమునకే ఇచ్చు పద్ధతి ఎమ్మిగనూరు వీధులలో నడచినది. ఆ యూరిలో మగ్గమునకు కుదిరినది దానిచుట్టునున్న చేలకు ఏల కుదరరాదు?

సంఘము పెట్టినంతమాత్రమున అన్నియు చక్కబడునని చెప్పుట మాత్రము న్యాయము కాదు. రైను కొండసందులో నూరేండ్ల క్రిందటనున్న తోటలలో నేడు కొద్దిభాగమే మిగిలినది. గోడలు పడి ముళ్లపొదలు మొలచిన వాలులను పడవలోనివారు కూడ చూడవచ్చును. బిడ్డలు పట్టణములలో కొలువులకు బోయిరి, నిట్రమైన వాలున యంత్రము ఎక్కదు, కూలి గిట్టదు. కోతకాలమున పోలండు, రుమేనియా దేశములనుండి కూలివారు వత్తురు. కోసిగి, మంత్రాలయము, ఎమ్మిగనూరు ప్రాంతముల పల్లెలనుండి ఇండ్లకు తాళములువేసి గుంటూరు మిరపచేలకు బోవు మనవారిని జూచినవారికి ఈ సంగతి వినుటకు ఇంపుగా నుండదు. బండ్లు ఎక్కువారు ఏ దేశమున నైనను నేల లేనివారో, నేల యుండి నీరు లేనివారో.

మైషోస్ సంఘమునకు ఇటీవల వచ్చిన ఆపదను గూర్చి చెప్పి ముగింతుము. 2021 జూలై 14వ తేదీ రాత్రి ఆర్ యేరు ఎన్నడును ఎరుగనంతగా పొంగెను. లోయలో నూటముప్పదిమందికి పైగా మరణించిరి. వంతెనలు కొట్టుకొనిపోయినవి, ఊళ్లకు దారులు తెగినవి. మాళిగలలో పీపాలు తేలినవి, సీసాలు బురదలో మునిగినవి. 2009 అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలు పట్టణమును ముంచిన దినములను అనుభవించిన మనకు ఆ దృశ్యము వర్ణింపనక్కరలేదు. కొండవాలుననున్న తీగెలు మాత్రము చాలవరకు బ్రతికినవి. పంట చెట్టున నున్నది. కోయుటకు దారిలేదు, రసము తీయుటకు గానుగ లేదు. అప్పుడు ఇతర సీమల ద్రాక్షరైతులు తమ యంత్రములను దెచ్చిరి. ఎన్నడును తీగె ముట్టని పట్టణవాసులు పారలు పట్టుకొని వచ్చి మాళిగలలోని బురద నెత్తిరి. బురద పట్టిన సీసాలను కడుగక, ఆ బురదతోనే అమ్మకమునకు బెట్టగా, లోకము నలుమూలలవారు కొని, 40 లక్షల యూరోలకు పైగా సొమ్ము ఆ లోయకు జేరెను. ఆ శరత్కాలమున కోత జరిగినది. సభ్యులు బుట్టలతో వచ్చిరి. తూకము వేసి ఖాతాలలో వ్రాసిరి.

మన పడవ రైనుపై ఇంకను దిగువకు సాగును. బాన్ సమీపమున కొండలు కడపటివి. ఆ వాలుననున్న కొన్ని తోటలు దాటిన పిమ్మట ఒడ్డులు పల్లమగును, ద్రాక్షతీగె కనుమరుగగును. కొలోను పట్టణపు జంట గోపురములు దూరమున గానవచ్చును.